నాలుగు ఇసుక మూటలు

నేను ఒక ఇనప గోల్‌పోస్టుని. హ్యాండ్‌బాల్ ఆటలో బంతి దూరాల్సిన ద్వారాన్ని. వెడల్పు మూడు మీటర్లు, ఎత్తు రెండు మీటర్లు, బరువు ఎనభై రెండు కిలోలు. ఈ చివరి అంకెని కాస్త గుర్తుంచుకోండి.

ఇంకో సంగతి కూడా మొదట్లోనే చెప్పేస్తాను. దాచడం నాకు చేతకాదు. నాలో దాచుకోడానికి చోటే లేదు, మధ్యలో అంతా ఖాళీ. పోయిన మహర్నవమి నాడు, పొద్దున పది దాటాక, నేను తులసి అనే పదకొండేళ్ళ పిల్ల మీదికి పడ్డాను.

కావాలని పడలేదు. కానీ ఎనభై రెండు కిలోల ఇనుము మీదికి వస్తున్నప్పుడు అది కావాలని వస్తోందా, పొరపాటున వస్తోందా అని చూసే తీరిక ఎవరికీ ఉండదు.

నేను పుట్టింది పలాస అవతల ఒక చిన్న ఊళ్ళో, బస్టాండు వెనక తవిటినాయుడి వెల్డింగు షాపులో. నాతోపాటు ఆ వారం అక్కడ పుట్టినవి రెండు ఇంటిగేట్లు, ఒక కిటికీ చట్రం, ఒక ఇడ్లీబండి. వాటిలో ప్రతిదానికీ ఏదో ఒక పని ఉందని చూడగానే తెలుస్తుంది. నన్ను చూసి మాత్రం తవిటినాయుడే తికమకపడ్డాడు. హైస్కూల్లో ఆటలు నేర్పే జోగారావు మాస్టారు ఒక పాత ప్రశ్నపత్రం వెనక పెన్సిలుతో నా బొమ్మ గీసి తెచ్చారు. తవిటినాయుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“తలుపెక్కడ ఎట్టాల మాస్టారూ?”

“తలుపుండదు. మధ్యలో ఒక పిల్ల నిలబడుతుంది.”

“అయితే పిల్లే తలుపన్నమాట.”

మాస్టారు నవ్వారు. ఆ మాట మీద నేను చాలాకాలం ఆలోచించాను. ఖాళీ మైదానంలో ఒక ఖాళీ ద్వారం నిలబెట్టి, ఏడుగురు అందులోంచి బంతిని పంపాలని, మరో ఏడుగురు పంపనివ్వకూడదని చెమటలు కక్కుతారు. అవతల ఏమైనా ఉందా అంటే ఏమీ లేదు, ఓ వల ఉంది. మనుషులు వింతైనవాళ్ళని నాకు మొదట అనిపించింది అప్పుడే.

ఎరుపు, తెలుపు పట్టీలు వేసి నన్ను ఎండలో ఆరబెట్టిన రోజున తవిటినాయుడు నా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నా ముందు చట్రమంతా లావుపాటి చదరపు గొట్టం. వెనక వల కట్టే భాగం మాత్రం సన్న గొట్టం, ఎందుకంటే నన్ను అవసరమైనప్పుడు పిల్లలే మోసుకెళ్ళేలా ఉండాలని మాస్టారు కోరారు. తవిటినాయుడు గడ్డం గోక్కున్నాడు.

“బాబూ, దీనికి ముందు బరువెక్కువ, ఎనకాల తేలిక. ఎప్పుడైనా ముందుకే తూలుతాది. ఒట్టినే నిలబెట్టీకండి. ఎనకాల మేకులు దిగ్గొట్టాల.”

అని తనే నాలుగు ఊచలు కోసి, తలలు వంచి, మేకులు చేసి ఇచ్చాడు. పుట్టిన రెండో రోజునే నా గుణం ఏమిటో నాకు తెలిసిపోయింది. చాలామంది మనుషులకి అది నలభై ఏళ్ళకి కూడా తెలియదట.

జోగారావు మాస్టారి గురించి చెప్పాలి. పొట్టి మనిషి, మాట తక్కువ, మెళ్ళో ఈల. పొద్దున్నే వచ్చి మైదానమంతా వంగి నడిచేవారు. మొదట్లో ఏదో పోగొట్టుకున్నారేమో అనుకున్నాను. పోగొట్టుకోవడం కాదు, ఏరుతున్నారు. గాజుపెంకులు, రాళ్ళు, సీసామూతలు. ఆయన ఏరినవన్నీ ఒక పాత బకెట్లో పడేవి. తరవాత ఆడపిల్లల్ని వరసగా నిలబెట్టి చేతులు చూసేవారు. గాజులు తీయించి, గోళ్ళు కత్తిరించమని, కాలిపట్టీలు విప్పమని చెప్పేవారు. ఆట పావుగంట సాగగానే ఈల వేసి అందరిచేతా నీళ్ళు తాగించేవారు. దాహం లేదన్న పిల్లకి ముందు ఇచ్చేవారు.

ఇంత జాగ్రత్తపరుడి చేతిలో ఉండి కూడా నేను పడ్డాను. అందుకే ఈ కథ చెప్పడం.

మా మైదానం బడిది మాత్రమే కాదు, ఊరందరిదీ. ప్రార్థన, టీకాలు, మీటింగులు, పెళ్ళిభోజనాలు, చలికాలంలో వడ్లు ఆరబోయడం, అన్నీ అక్కడే. అందుకని నెలకి మూడుసార్లు నా మేకులు పీకేవారు, మూడుసార్లు కొట్టేవారు. ఆర్నెల్లకి నేలలో కన్నాలు వదులైపోయాయి. రెండు మేకులు షామియానావాళ్ళతో వెళ్ళిపోయాయి. మూడోదానికి వాచ్‌మన్ ఆవుని కట్టాడు. నాలుగోది ఏమైందో నాకూ తెలియదు.

అప్పుడు మాస్టారు సిమెంటు గోతాలు నాలుగు తెచ్చి, ఊరి పక్క వాగు గెడ్డలోంచి ఇసుక తెప్పించి నింపి, మూతులు కొబ్బరితాడుతో బిగించి, నా వెనక గొట్టం మీద వరసగా పెట్టించారు. పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పింది రెండే ముక్కలు. మూటలు నాలుగూ ఉంటేనే ఈల. లేకపోతే ఈల లేదు, ఆట లేదు. పైకడ్డీ పట్టుకుని వేలాడిన పిల్లకి ఆ రోజు ఆట లేదు.

మొదటి నియమాన్ని ఝాన్సీ చూసుకునేది. ఝాన్సీ పదో తరగతి, మా గోల్‌కీపరు, పొడవాటి చేతులు. తవిటినాయుడు చెప్పిన తలుపు ఆ పిల్లే. నా ముందు నిలబడే ముందు వెనక్కి వెళ్ళి ఒక్కో మూటనీ అరచేత్తో చరిచేది. ధప్, ధప్, ధప్, ధప్. నాలుగో చప్పుడు వినపడ్డాకే మాస్టారు ఈల నోట్లో పెట్టుకునేవారు.

రెండో నియమం మాత్రం మాస్టారు అటు తిరిగితే చెల్లేది కాదు. అడ్డంగా ఓ కడ్డీ కనబడితే చాలు, పిల్లల చేతులు వాటంతటవే పైకి లేస్తాయి. ఎందుకు? పెద్దవాళ్ళకి అలా లేవవు. ఏ వయసులో ఆ బుద్ధి పోతుందో కనిపెట్టాలని చాలా ప్రయత్నించాను. పద్నాలుగో ఏడు దాటాక తగ్గుతుందని నా అంచనా. మూటలున్నంతకాలం వాళ్ళు వేలాడినా నేను కదిలేదాన్ని కాదు. కొంచెం మూలిగేదాన్ని, అంతే.

తులసి వచ్చింది ఆరో తరగతిలో. సన్నగా, పుల్లలా ఉండేది. వాళ్ళమ్మ నీలవేణి జీడిపిక్కలు కోసే షెడ్డులో పని చేస్తుంది. మొదటిరోజు కూతుర్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చి, మైదానం గట్టు మీద నిలబడింది. జీడి రసానికి ఆమె వేళ్ళ చివరలు నల్లగా మాడినట్టు ఉన్నాయి. ఆట పూర్తయ్యేదాకా కదల్లేదు. బంతి ఎంత గట్టిగా వస్తోందో, పిల్లలు ఎలా గుద్దుకుంటున్నారో అంతా చూసింది. తరవాత మాస్టారి దగ్గరికి వచ్చింది.

“దెబ్బలు తగిలితే ఎలాగండి? నాకు ఇదొక్కర్తే.”

“మోకాళ్ళు గీసుకుపోతాయమ్మా, అది మామూలే. అంతకన్నా ఏమీ కానివ్వను. మీరు ఎలా పంపారో అలా ఇంటికి పంపిస్తాను. నాది మాట.”

ఆమె ఆయన మొహంలోకి కాసేపు చూసి కూతురి రెక్క వదిలింది.

మాట అంటే ఏమిటో నాకప్పుడు అర్థం కాలేదు. గాలిలోంచి వచ్చి గాలిలోకి పోయేదాన్ని నమ్మి ఒక తల్లి ఉన్న ఒక్క పిల్లనీ వదిలేసి వెళ్ళింది. ఇనుమునైతే కనీసం తట్టి చూస్తారు.

దసరా సెలవుల్లో పది రోజుల శిబిరం పెట్టారు. సెలవుల తరవాత జిల్లా పోటీలున్నాయి. హెడ్మిస్ట్రెస్ విజయభారతి గారు మొదట ఒప్పుకోలేదట. పద్నాలుగుమంది ఆడపిల్లలు, సెలవురోజులు, ఎవరికైనా ఏదైనా అయితే ఎవరు జవాబు చెబుతారని అడిగారట. నేను చెబుతానని మాస్టారు అన్నారట. ఎనిమిది రోజులు ఒక్క గీత పడకుండా గడిచాయి.

తొమ్మిదో రోజు మహర్నవమి, ఆయుధపూజ. ఊళ్ళో ఆటోలు, ట్రాక్టర్లు, తవిటినాయుడి వెల్డింగు మిషను, అన్నీ స్నానం చేసి బొట్లు పెట్టించుకుంటున్నాయి. మన ఆయుధాలకి మనం పూజ చేసుకోవద్దా అని పిల్లలు అడిగారు. మాస్టారు ఎంతో ఉత్సాహంగా ఒప్పుకున్నారు. ఆ రోజు ఆట లేదు, పూజ మాత్రమే.

బంతుల్ని తుడిచి కుప్ప పోశారు. మాస్టారి ఈలకి కుంకుమ బొట్టు పెట్టారు. నన్ను తూర్పుముఖంగా తిప్పాలన్నారు. తిప్పాలంటే మూటలు దించాలి. దించారు. ఎనిమిదిమంది నన్ను ఎత్తి తిప్పి నిలబెట్టారు. చుట్టూ కల్లాపి జల్లి ముగ్గు వేశారు. ఇద్దరు పిల్లలు మూటల్ని మళ్ళీ ఈడ్చుకురాబోయారు. ఎండకీ వానకీ గోతాలు చివికి, చిల్లుల్లోంచి ఇసుక కారుతోంది. ముగ్గు మీద ఇసుక చార పడింది.

“పూజ దగ్గర ఆ మురికి గోతాలెందుకురా? గోడవార పెట్టండి” అన్నారు జోగారావు మాస్టారు.

ఈ మాట అన్నది మరెవరో అయితే కథ ఇంకోలా చెప్పుకోవచ్చు. అన్నది ఆయనే. ఆ రోజు ఝాన్సీ మూటల్ని లెక్కపెట్టలేదు. ఎందుకు లెక్కపెట్టాలి? మూటలు లేకపోతే ఆట లేదన్నారు గానీ, పూజ లేదని ఎవరూ అనలేదు కదా. ఆట ఆడేటప్పుడే ప్రమాదం అని వాళ్ళంతా అనుకున్నారు. నా బరువుకి మాత్రం ఆట ఉన్న రోజూ లేని రోజూ ఒకటే.

నా రెండు స్తంభాలకీ పసుపు పూశారు. పైకడ్డీకి బంతిపూల దండ, మామిడాకుల తోరణం కట్టారు. బండ్లకైతే చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తారు. నాకు చక్రాలు లేవు కాబట్టి ఏం చెయ్యాలో తెలియక, రెండు కాళ్ళ ముందూ చెరో నిమ్మకాయ పెట్టి పిల్లలే తొక్కేశారు. మాస్టారు కళ్ళు మూసుకుని, ఈ ఏడాది నా పిల్లలెవరికీ దెబ్బ తగలకుండా చూడు తల్లీ అని దండం పెట్టుకున్నారు. కొబ్బరికాయ కొట్టారు. హారతి ఇచ్చారు.

అందరూ ప్రసాదం కోసం చేతులు చాపిన సమయానికి తోరణం ఒక కొస ఊడి కిందికి వేలాడింది.

తులసి అందరికన్నా దగ్గరలో ఉంది, అందరికన్నా తేలిక. ఎవరూ చెప్పకుండానే ఎగిరి పైకడ్డీ పట్టుకుంది. ఒక చేత్తో వేలాడుతూ, రెండో చేత్తో తోరణం కొస అందుకోబోయింది. కాళ్ళు ముందుకి ఊగాయి.

నేను కదిలాను.

మొదట వెనక గొట్టం నేల వదిలింది. వేలెడు ఎత్తు. తరవాత జానెడు. వేగం రావడానికి ఒక క్షణం పట్టింది. ఆ క్షణంలో తులసి నా వైపు తలెత్తి చూసింది. భయం కాదు, ఆశ్చర్యం. గోడ కదిలితే ఎవరికైనా అలాగే ఉంటుంది. కడ్డీ వదిలేసింది. వెల్లకిలా పడింది. తల నేలకి కొట్టుకున్న చప్పుడు నాకు వినిపించింది, ఆ వెంటే నేనూ వస్తున్నాను.

వెనక ఝాన్సీ ఉంది. చేతిలో ప్రసాదం ఆకు ఉంది. బంతి ఎటు వస్తుందో ఆలోచించే లోపే చెయ్యి అటు పోవడం కీపరుకి అలవాటు. ఆకు పారేసి, లేస్తున్న నా వెనక గొట్టం మీదికి ఒక మూలన దూకి వల రెండు చేతులా పట్టుకుంది. ఆపలేకపోయింది. ఆ మూల మాత్రం ఒక్క లిప్త ఆగింది. దాంతో నేను మెలితిరిగి, ఏటవాలుగా పడ్డాను. నా పైకడ్డీ తులసి చెవికి జానెడు దూరంలో నేలలో దిగబడింది.

తరవాత తులసి తనే లేచి కూర్చుంది. దుమ్ము దులుపుకుంది. జుట్టులో బంతిపూల రేకులున్నాయి. అందర్నీ చూసి నవ్వింది.

“నాకేటీ కాలేదు.”

పిల్లలు ఒక్కసారిగా ఊపిరి వదిలారు. ఎవరో కొబ్బరినీళ్ళు పట్టారు, ఎవరో వెనకతల తడిమి చిన్న బొప్పి అన్నారు. అప్పుడే మొదలైంది అసలు గుసగుస. ఇంట్లో చెప్పొద్దు మాస్టారూ, చెబితే శిబిరం ఆపేస్తారు, మా అమ్మావాళ్ళు కూడా పంపరు, పోటీలు వారం రోజుల్లోకొచ్చాయి, అది నవ్వుతోంది కదా. ఒక పిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

జోగారావు మాస్టారు తులసి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు.

“నీ పేరేంటమ్మా?”

“తులసి.”

“ఇవాళ ఏంటి?”

“పూజ.”

“పూజలో ఏం చేశాం?”

తులసి కొబ్బరికాయ ముక్కల వైపు చూసింది. అవి ఆమె ముందే ఉన్నాయి.

“ఇంకా కొబ్బరికాయ కొట్టలేదు కదా మాస్టారూ. ఎప్పుడు కొడతారు?”

ఆ కాయ కొట్టి పది నిమిషాలు కాలేదు. కొట్టినప్పుడు నీళ్ళు మొహాన చిందితే అందరికన్నా ఎక్కువ నవ్వింది తులసే.

మాస్టారు లేచారు. గేటు దగ్గర బొట్లు పెట్టుకుని నిలబడ్డ ఆటోని పిలిచారు. తులసిని నడవనివ్వకుండా చేతుల మీద ఎత్తుకున్నారు. ఆటో ఎక్కే ముందు ఫోను తీసి నీలవేణికే మొదట చేశారు. పిల్లలంతా వింటుండగానే, ఒక్క ముక్క దాచకుండా చెప్పారు.

ఆ తరవాత సంగతులు నేను చూసినవి కావు. బోర్లా పడి ఉన్నదాన్ని, నా ముందు మాట్లాడుకున్నవే నాకు తెలుసు. ఆటోలోనే తులసికి వాంతి అయిందట. ఆసుపత్రిలో ఇంకోసారి అయిందట. డాక్టరు తల స్కాను తీయించి, లోపల రక్తం చేరలేదని, అయినా ఒక రోజంతా కనిపెట్టుకుని ఉండాలని చెప్పి ఉంచేసుకున్నారట. నవ్వుతోంది కదా అని ఇంటికి పంపేసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనన్నారట. మర్నాటికి తేరుకుంది. మూడు వారాలు పరుగు వద్దు, బంతి వద్దు, తలనొప్పి వస్తే వెంటనే రావాలి. ఝాన్సీ ఈ సంగతులన్నీ చెబుతుంటే పిల్లలు నా మీదే కూర్చుని విన్నారు. పడిపోయినదాని మీద కూర్చోడానికి ఎవరికీ భయం ఉండదు.

విజయభారతి గారు శిబిరం ఆపేశారు. ఆ ఇనుముని నా కళ్ళకి కనబడనీయకండి అన్నారు. నన్ను మరుగుదొడ్ల వెనక పడేశారు. పాత ఇనుము కొనే బండికి వేసేస్తామని వాచ్‌మన్ చెప్పుకుంటుంటే విన్నాను. భయం వేయలేదు. తెలుసుకోవాలని మాత్రం అనిపించింది: నన్ను కరిగించి ఏం చేస్తారు? అది కూడా ఎక్కడో ఒకచోట, ఎవరి తల మీదో ఒకరి తల మీద నిలబడాల్సిందేగా?

నాలుగో రోజు నీలవేణి వచ్చింది.

మాస్టారు ఎదురెళ్ళారు. తిడుతుందని అందరూ అనుకున్నారు. పిల్లలు గోడ పక్కనుంచి తొంగిచూస్తున్నారు. ఆమె తిట్టలేదు.

“ఎలా పడిందో ఓపాలి సూపించండి మాస్టారూ.”

నన్ను మోసుకొచ్చి నిలబెట్టారు. పిల్లల్ని మాస్టారు దూరంగా పంపేశారు. తను పక్కకి నిలబడి, ఒక్క చేత్తో పైకడ్డీని కిందికి లాగి వదిలారు. నేను పడ్డాను. దుమ్ము లేచింది.

నీలవేణి చాలాసేపు నన్నే చూసింది.

“ఇంత సులువా?”

“ఇంతేనమ్మా.”

“నా గుంట తులసి ఏలాడింది, అందుకే పడిందని ఆసుపత్రిలో అందరూ అన్నారు. మీరొక్కరూ ఆ మాట అనలేదేటి?”

“పదకొండేళ్ళ పిల్ల వేలాడక మానదు. అది నాకు తెలుసు. తెలిసే మూటలు పెట్టాను. వాటిని తీయించింది కూడా నేనే. నా మాట తప్పింది. మీరు ఎలా పంపారో అలా పంపలేకపోయాను.”

ఆమె తిన్నగా హెడ్మిస్ట్రెస్ గదికి నడిచింది. లోపల జరిగింది మాస్టారు తరవాత తవిటినాయుడికి చెబుతుంటే విన్నాను. మీ పిల్లకి ఇంత అయ్యాక ఈ ఆటే వద్దని నిర్ణయించామని విజయభారతి గారు అన్నారట. నీలవేణి ఒప్పుకోలేదట. మా షెడ్డులో మిషను కత్తికి ఒకామె వేలు తెగిందండి, షెడ్డు మూసీలేదు, కత్తికి తొడుగు ఏసారు, ఇప్పుడు అదే కత్తి మీద నాను పని చేస్తన్నాను అందట. ఆట మానిపిస్తే నా గుంట ఇంకో గోడెక్కుతాది, దానికేటి చేస్తారు, ఆ ఇనుముని కదలకుండా నేలలో పాతించండి అని చెప్పిందట. విజయభారతి గారు చివరికి, ఆ పోస్టుని పాతేస్తే మీటింగులకి షామియానా ఎక్కడ వేయాలని అడిగితే, షామియానా గుడ్డ కదండీ, అది జరుగుతాది అందట.

తవిటినాయుడు వచ్చాడు. నా నాలుగు మూలలకీ మూరెడేసి కాళ్ళు అతికాడు. గుంతలు తీసి, నన్ను దించి, కాంక్రీటు పోశాడు. ఇరవై ఒక్క రోజులు తడి ఆరకూడదు, అందాకా ఎవరూ ముట్టుకోకూడదు అన్నాడు. చుట్టూ తాడు కట్టాడు.

డాక్టరు తులసికి చెప్పింది కూడా ఇరవై ఒక్క రోజులే. ఆ లెక్క ఎలా కుదిరిందో నాకు తెలియదు. తల గట్టిపడటానికీ సిమెంటు గట్టిపడటానికీ ఒకే గడువు.

జిల్లా పోటీలకి మా జట్టు వెళ్ళలేదు. ఝాన్సీకి అదే ఆఖరి ఏడు. ఆ రోజున ఆమె పొద్దున్నే వచ్చి, నా కాళ్ళకి చుట్టిన గోనెపట్టాలు తడిపి వెళ్ళిపోయింది. ఇది కూడా నా బరువులో కలిసింది.

బడి తెరిచాక తులసి రోజూ చెంబుతో నీళ్ళు పోసేది. పరిగెత్తకుండా నడిచి రావడం ఆమెకి పెద్ద శిక్ష. ఎంతవరకు నడవొచ్చు, కొంచెం గబగబా నడిస్తే పరుగవుతుందా అని మాస్టారిని అడిగేది. పూజనాటి పది నిమిషాలు ఆమెకి తిరిగి రాలేదు. కొబ్బరికాయ ఎలా పగిలిందని ఒక్కొక్కరినీ అడిగేది. ఒకరు రెండు చెక్కలన్నారు, ఒకరు మూడన్నారు, ఒకరు మొదటి దెబ్బకే అన్నారు. వాళ్ళకి దెబ్బ తగల్లేదు, అయినా ఎవరికీ సరిగ్గా గుర్తులేదు.

ఇరవై రెండో రోజు పొద్దున ఎనిమిదింటికి, పనికి పోయే దారిలో, నీలవేణి మైదానంలోకి వచ్చింది. తవిటినాయుడు తాడు విప్పుతున్నాడు. మాస్టారు, పిల్లలు చుట్టూ నిలబడ్డారు. ఆమె అన్నం క్యారేజీ ఝాన్సీ చేతికిచ్చింది. చీరకొంగు నడుముకి చుట్టి బొడ్లో దోపింది. నా ఎదుట నిలబడి పైకడ్డీ ఎత్తు చూసుకుంది.

ఎగిరి పట్టుకుంది.

నిండు మనిషి. రెండు కాళ్ళూ నేల వదిలాయి. పిల్లలు నోళ్ళు తెరిచారు. ఆమె ముందుకీ వెనక్కీ ఊగింది, ఒకసారి, రెండుసార్లు, కావాలని గట్టిగా. మూడోసారి మోకాళ్ళు ముడిచి మొత్తం బరువుతో కిందికి గుంజింది. నాలోని పాత గుణం ముందుకి తూలాలని చూసింది. కాళ్ళ దగ్గర నేల వదల్లేదు. ఎక్కడా చప్పుడు లేదు.

ఆమె దిగింది. అరచేతులు చూసుకుంది. నా ఎర్రరంగు పెచ్చులు అంటుకున్నాయి. చీరకి తుడుచుకుంది.

“అమ్మా, నువ్వు ఏలాడొచ్చేటి?” అంది తులసి.

“నాను ఆట ఆడను కదే” అంది నీలవేణి. పిల్లలు నవ్వారు.

మాస్టారు ముందుకొచ్చారు. “ఇక భయం లేదమ్మా. ఈసారి నాది...”

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“మాట వద్దు మాస్టారూ. మాటిచ్చినోడు ఇచ్చేసాను కదా అని మరిసిపోతాడు. రోజూ ఓపాలి పట్టుకుని లాగి సూడండి. నాకదే సాలు.”

క్యారేజీ తీసుకుంది. కూతురి తల మీద ఓసారి చెయ్యేసి, వెనక్కి చూడకుండా గేటు దాటిపోయింది. తులసి ఆమె వెళ్ళినవైపు కాసేపు చూసి, మాస్టారి వైపు తిరిగింది. ఆయన డాక్టరు రాసిచ్చిన కాగితం ఇంకోసారి చదివి, జేబులో పెట్టుకుని, ముందు ఒక చుట్టు, నెమ్మదిగా పరిగెత్తు అన్నారు. ఆ ఒక చుట్టు ఎంత నెమ్మదిగా తిరిగిందో చెప్పలేను. కాళ్ళు నేల మీద ఆగడం లేదు.

ఇది జరిగి నాలుగు నెలలైంది. వచ్చే ఏటి పోటీలకి ఇప్పటినుంచే ఆడుతున్నారు. ఝాన్సీ పరీక్షలకి చదువుకుంటూ, సాయంత్రాలు వచ్చి కొత్త కీపరుకి నేర్పిస్తోంది. కొత్త కీపరు తులసి. బంతికి భయపడదు, అదొకటే ఆమెతో చిక్కని ఝాన్సీ అంటుంది. నా వెనక ఇప్పుడు మూటలు లేవు. మొన్న మీటింగుకి షామియానా నన్ను తప్పించుకుని కాస్త వంకరగా వేశారు. వక్తకి ఎండ తగిలింది.

నిన్న ఆదివారం. ఆట లేదు, పిల్లలు లేరు, తెల్లవారినప్పటినుంచి అకాల వాన. మైదానం నిండా నీళ్ళు. ఏడింటికి జోగారావు మాస్టారు గొడుగేసుకుని, పంచె మోకాళ్ళ పైకి కట్టి, ఆ బురదలో నడుచుకుంటూ వచ్చారు. గొడుగు మెడకీ భుజానికీ మధ్య నొక్కి పట్టుకున్నారు. రెండు చేతులా పైకడ్డీ అందుకుని గట్టిగా లాగారు. ఇంకోసారి లాగారు. తరవాత గొడుగు సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయారు.